తవుడు బేరగాడు

మా ఊరి మలుపు కాడ ఫ్లెక్సీ కట్టిండ్రు. ఇంటి దర్వాజంత పొడుగున్నది. నడుమ ఆయన ఫొటో, మెడల గులాబి దండ, పైన రెండు తెల్ల పావురాలు. కింద ఇంతింత అక్షరాలల్ల "చిన్నారుల మనసు దోచిన తాతకు అశ్రునివాళి" అని రాసిండ్రు. హాలియల కూరగాయలు కొనుక్కొని అప్పుడే ఆటో దిగిన. సంచి కింద పెట్టి సాంతం చదివిన. చదివి థూ అన్న. ఆటో పిల్లగాడు నా దిక్కు చూసిండు. "నిన్ను గాదు కొడుకా, నువ్వు పో" అన్న.

సచ్చినోన్ని తిట్టొద్దంటరు. సచ్చినోడు దేవునితోటి సమానమంటరు. కావచ్చు. బతికినన్నాళ్ళు మనిషితోటే సమానం గానోడు, సచ్చి దేవునితోటి ఎట్ల సమానమైతడో నాకైతే సమజ్ కాలే. ఆయన పేరు చెప్ప నేను. పేరు నోట్లెకు వస్తే ఎనక "గారు" అని పెట్టాల్సొస్తది, ఊరికి పెద్దమనిషి గదా. నా నాలుక అంత వంగదు.

మలుపు కాడ ఆయనది కిరాణ దుకాణం. దుకాణం చూసేది భార్య. తూకమేసేది ఆమె, బస్తాలు జరిపేది ఆమె, హుజూర్‌నగర్ పోయి సామాన్లు తెచ్చేది గూడ ఆమెనే. ఈయన పని ముందటి అరుగు మీద కూసునుడు. ముడ్డి కింద గోనెపట్ట, భుజం మీద ఎర్ర రుమాలు, బనీను జేబుల చాక్లెట్లు. ఒంటి వేడికి అవి కరిగి కాయితానికి అతుక్కపోయి ఉండేటివి. అంగన్‌వాడికి పోయే పిల్లలు, వచ్చే పిల్లలు ఆ అరుగు ముందట్నుంచే పోవాలె, ఇంకో తొవ్వ లేదు. ఈయనకు అదే జాతర.

"ఏయ్ బుడ్డోడా, గిటు రా" అని పిలిచేటోడు. వాడు చాక్లెట్ కోసం రానే వచ్చేది. రెండు మోకాళ్ళ నడుమ ఇరికిచ్చుకొని, బుగ్గ పట్టి ఎర్రగయ్యేదాంక గిల్లి, "అమ్మ మంచిదా, బాపు మంచోడా?" అని అడిగేది. అమ్మ అన్నడనుకో, "అయ్యో, మీ బాపు ఇన్నడు రా, ఇగ నిన్ను బండెక్కిచ్చుకోడట" అనేటోడు. బాపు అన్నడనుకో, "మీ అమ్మ మూట గట్టుకొని పోతాంది చూడు" అనేటోడు. ఇద్దరు మంచోళ్ళే అన్న పిల్లగానికి "దొంగ నా కొడుకు" అని బిరుదు. పిల్లగాని కింది పెదవి వణికే దాంక చూసేటోడు. వణికినంక ఒక్కటే నవ్వు, తొడ చరుసుకొని. ఆ ఏడ్చే నోట్లె కరిగిన చాక్లెట్ పెట్టి, పక్కనోళ్ళ దిక్కు తిరిగి "పిల్లలంటే నాకు పానం" అనేటోడు.

ఏడ్వకపోతే మాత్రం చాక్లెట్ లేదు. అది ఆయన కానూను. "ఏడ్వని పిల్లగాడు ఉప్పు లేని పప్పు" అనేది ఆయన సొంత సామెత. ఆ సామెతకు అరుగు మీద నలుగురు నవ్వేటోళ్ళు. ఆ నలుగురికీ బీడీలు ఉద్దెరకు దొరికేది ఆ దుకాణంలనే, నవ్వక ఏం జేస్తరు.

ఏ ఇంట్లె ఏ పిల్లకు ఏడ నొస్తదో ఆయనకు బాగ ఎరుక. ఆ ఇగురం మంచికి వాడితే ఊరికి ఎంత అక్కెరకు వస్తుండెనో. మా పక్కింటి పిల్లగానికి చెల్లె పుట్టింది. వానికి మూడేండ్లు గూడ నిండలే. దవాఖాన నుంచి తల్లిని ఆటోల తీస్కొస్తుండ్రంటే ఎదురు ఉరికిండు పాపం. ఈయన మలుపు కాడ పట్టుకున్నడు. "అరేయ్, నీ పని ఖతం రా! ఇగ అమ్మ పక్కల చెల్లె పండుతది. నిన్ను బర్ల కొట్టంల పండవెడ్తరట. మీ బాపు గడ్డి గూడ పరుస్తుండు, పోయి చూసుకో" అన్నడు. పిల్లగాడు పోయి చూసిండు. వాని ఖర్మ, వాళ్ళ బాపు ఆ టైముకు బర్లకు గడ్డే ఏస్తుండు.

ఆ మాపటికే వాడు పసిపిల్ల చెయ్యి కొరికిండు. వీపు మీద పడ్డయి దెబ్బలు. "ఎంత పాపిష్టి పోరడు, పుట్టిన చెల్లెను చూసి ఓర్వలేకపోతుండు" అన్నరు వచ్చినోళ్ళు, పోయినోళ్ళు. అరుగు మీది పాపిష్టోన్ని మాత్రం ఒక్కరు ఒక్క మాటనలే. వాడేమో చెల్లె పుట్టిన సంబురానికి మిఠాయి తినుకుంట కూసున్నడు.

అయితే ఆయనకు ఎక్కువ పేరు తెచ్చింది తవుడు ముచ్చట.

మా దిక్కు పాతకాలంల ఒక రివాజుండె. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టినదాన్ని పెంటకుప్ప మీద పండవెట్టేటోళ్ళు. ఇంకో ఇంటామె వచ్చి ఎత్తుకునేది. కన్నతల్లి చాటెడు తవుడు ఆమెకు పోసి, తన బిడ్డను తానే కొనుక్కునేది. ఇది మా కడుపుల పుట్టింది గాదు, పెంట మీద దొరికింది, తవుడుకు కొనుక్కున్నది అని సావును బోల్తా కొట్టిచ్చుడన్నట్టు. పెంట అని వచ్చేటట్టు పేరు గూడ పెట్టేటోళ్ళు. ఆ తల్లులను నేను నవ్వ. బిడ్డను దక్కిచ్చుకోనీకె ఏం చేసినా తప్పు లేదు. కాని దాంట్లకెల్లి ఒక ఎకసెక్కం పుట్టింది. మొండికేసిన పిల్లను చూసి "నిన్ను తవుడుకు కొన్నం" అనుడు. ఇది ఇంటింట్ల ఉన్నదే. తల్లి ఒళ్ళె కూసున్న పిల్లను అంటే ఆ పిల్ల తల్లి మొకం చూస్తది, తల్లి నవ్వుతది, పిల్ల గూడ నవ్వుతది. మాట ఆడికే పోతది. ఈయన మాత్రం తల్లి పక్కన లేనప్పుడే అంటడు. చూడాల్సిన మొకం కోసం పిల్ల నాలుగు దిక్కులు చూస్తుంటే, ఈయన దాన్ని చూసి సంబురపడ్తడు.

తెలంగాణ వచ్చిన మల్ల యేడు మా చెల్లె పోయింది. అచ్చంపేట దిక్కు ఇచ్చినం దాన్ని. జ్వరమని దవాఖానకు పోయినామె మల్ల ఇంటికి రాలే. మా మరిది హైదరాబాదుల మేస్త్రీ పనికి పోతడు. పిల్లను చంకల ఏసుకొని మా ఇంటికొచ్చి, "వదినా, నాతోటి కాదు. నీ కాడ ఉండనీ" అని ఏడ్చిండు. నా కొడుకులిద్దరు పెద్దగై ఎవల పని వాళ్ళు చూసుకుంటున్నరు. ఇల్లు ఖాళీగనే ఉండె. తీసుకున్న. మూడేండ్లు దాటినయేమో చిన్నికి.

ఆ పిల్ల ఏడ్వకపోయేది. ఏడ్వకపోతే మంచిదే గదా అన్నరు అందరు, బుద్ధిమంతురాలన్నరు. ఒకనాడు వాకిట్ల ఉరుక్కుంట బండ మీద పడ్డది. మోకాలు చెక్కుకపోయి నెత్తురు కారుతుంటే, లేచి గౌను దులుపుకున్నది. నా దిక్కు చూడను గూడ చూడలే. నా కొడుకులు పడితే వాడకట్టంత ఇనొచ్చేటట్టు మొత్తుకునేటోళ్ళు, నన్ను చూసి ఇంకింత పెంచేటోళ్ళు. ఎత్తుకునేటోళ్ళున్నరని తెలిసిన పిల్ల ఏడుస్తది. లేరనుకున్న పిల్ల గౌను దులుపుకుంటది.

ఆ తర్వాత నా కొంగు పట్టింది. పట్టిందంటే పట్టింది, ఇడిచిపెట్టలే. బర్ల కాడికి, పొలం కాడికి, కడాకు దొడ్డికి పోతే గూడ తడక బయట నిలబడేది. నేను యాడికి పోయినా చెప్పే పోయేదాన్ని. కండ్లు గప్పి పోవుడు, ఎనక దర్వాజ నుంచి జారుకునుడు నేనెన్నడు చెయ్యలే. "హాలియ అంగడికి పోయొస్త బిడ్డా" అంటే, "వస్తవా?" అనేది. "వస్త." "పక్కా?" "పక్కా." ప్రతిసారి గదే పాట. మా ఆయనకు ఇసుగొచ్చేది. నాకు రాలే.

మల్ల వానకాలానికి, నాట్లు పడుతున్న దినాలల్ల, కొట్టం కాడ బురదల జారి పడ్డది. పడి, రెండు చేతులు చాపి, "పెద్దమ్మా" అని గొంతు పగిలేటట్టు ఒర్రుకుంట ఉరికొచ్చింది. దెబ్బ చూస్తే ఏమంత లేదు. ఒళ్ళె ఏసుకొని నేను నవ్విన, నవ్వుకుంటనే ఏడ్చిన. "పిల్ల పడితే నవ్వుతవేందే, పిచ్చి లేచిందా?" అన్నడు మా ఆయన. ఆయనకేమెరుక. ఆ దినమే ఆ పిల్ల మా ఇంటి పిల్లయింది.

గంత కష్టపడి నిలబెట్టుకున్నదాన్ని ఆ అరుగు మీది మనిషి ఒక్క పగటీలి కూలగొట్టిండు.

ఆ నాడు నేను అంగడికి పోయిన, చెప్పే పోయిన. తిరిగి వచ్చేసరికి చిన్ని దర్వాజ కాడికి ఉరికి రాలే. మంచం కోడు పక్కన కూసున్నది. జ్వరమేమోనని ఒళ్ళు పట్టి చూసిన, సల్లగుంది. ఆనాటి నుంచి మల్ల వెనకటి లెక్కనే అయింది. గడప తట్టుకొని పడ్డది, గౌను దులుపుకున్నది. అన్నం పెడితే నా మొకం చూసి, కొంచెమే తిని, "సాలు, ఎక్కువ తిన" అనేది. దిష్టి తీసిన, తాయెత్తు కట్టిచ్చిన. ఏం లాభం లేకపాయె.

ఇంట్లె తవుడు రాలి కనపడ్తుండె. కొట్టం నుంచి మంచం దాంక సన్నగ గీత గీసినట్టు. ఎలుకలేమో అనుకున్న. ఊడుస్తుంటే మంచం కింద పాత హార్లిక్స్ డబ్బ దొరికింది. మూత తీస్తే నిండ తవుడు. చేత్తోటి వత్తి వత్తి నింపింది. బర్ల కోసం మిల్లు నుంచి తెచ్చిన బస్తలకెల్లి, ఇంత పిడికిలితోటి, రోజింత.

"ఏందే చిన్నీ ఇది?"

డబ్బ నా చేతులకెల్లి గుంజుకొని రొమ్ముకు పెట్టుకున్నది. "నాకాడ తవుడుంది, పెద్దమ్మా" అన్నది. "నన్ను అమ్మకు. నీకే ఇస్త."

దాన్ని ఒళ్ళెకు గుంజుకున్న. ఎవలన్నరే అంటే "దుకాణం తాత" అన్నది. అంగడి నాటి సంగతి మెల్లగ చెప్పింది. దాన్ని నేను తవుడుకు కొన్ననట. ఆ తవుడు బర్లు తినుడయిపోయిందట. ఇంకింత తవుడు కావాలని దాన్ని బేరం పెట్టనీకె అంగడికి పోయిననట. తాతకు ఇస్తే తాతనే కొనుక్కుంటడట, చాటెడు ఇస్తడట. "నువ్వు ఏడ్చినవా?" అని అడిగిన. ఏడ్వలేదన్నది. "చాక్లెట్ ఇయ్యలే" అన్నది.

పిల్లను చంకల ఏసుకున్న. డబ్బ చేతిల పట్టుకున్న. చెప్పులు గూడ తొడుక్కోలే.

అరుగు మీద దర్బారు నడుస్తుంది. "ఏం మామా, ఈ పిల్లతోటి ఏమన్నవ్?" అని అడిగిన.

జర సేపు యాది చేసుకున్నడు. యాదికొచ్చినంక పకపక నవ్విండు. "ఓ, గదా! గింతంత మాట ఇంకా మనసుల పెట్టుకున్నదా బుడ్డిది? నవ్వులాటకన్న గదనే. మేమందరం గిట్లనే పెరగలేదా?"

"తల్లి సచ్చిన పిల్ల మామా."

"అందుకే జర గట్టిపడాలె. కొంగుకు కట్టుకొని తిప్పితే రేపు యాడ బతుకుతది?"

నలుగురు తలకాయలూపిండ్రు. "నిజమే గదమ్మా, పెద్దమనిషి నవ్వులాటకంటే పట్టుకొని వస్తరా?" అన్నడు ఒక బీడీ.

తిట్టుదామనే వచ్చిన. నోటి దాంక వచ్చినయి గూడ, మంచి మంచియి. కాని వాని మొకంల ఆ నవ్వు చూస్తే, తిట్లు గూడ వీనికి దండుగే అనిపిచ్చింది. వాని భుజం మీది రుమాలు గుంజి వాని ఒళ్ళెనే పరిచిన. డబ్బ బోర్లేసి తవుడంత దాంట్లె పోసిన.

"ఇగో, నిన్ను కొన్న. లే."

"ఏందే ఇది..."

"అత్తా!" అని దుకాణం లోపలికి పిలిచిన. ఆమె ఎవలికో చక్కెర జోకుతుంది. "మామను కొంటున్న. తవుడు నీకే. చూసుకో, సాలుతదా?"

ఆమె తక్కెడ మీదికెల్లి తలకాయ ఎత్తి, రుమాల దిక్కు చూసింది, మొగుని దిక్కు చూసింది. "సాలు సాలు" అన్నది. "తీస్కపో బిడ్డా. ఇంత ధర మల్ల పలకడు."

నలుగురు బీడీలు ఇరగబడి నవ్విండ్రు. వాళ్ళ నవ్వుకు ఎవలైతే ఏంది. నేను వాని మణికట్టు పట్టుకున్న. "నడువు మామా. బర్ల కొట్టంల గడ్డి పరిచే ఉన్నది."

ముందుగాల ఇకిలిచ్చిండు. తర్వాత భార్య దిక్కు చూసిండు. ఆమె మల్ల చక్కెర జోకుతుంది, ఇటు చూస్తలేదు. "ఏమే" అన్నడు. ఆమె పలకలే. "ఏమే, నిన్నే" అన్నడు. కింది పెదవి వణికింది. నా రెండు కండ్లతోటి చూసిన, అబద్ధం గాదు. చెయ్యి ఇడిపిచ్చుకొని, తవుడు దులుపుకుంట లేచి, "దేనికైనా ఒక హద్దుంటది! నవ్వులాటంటే గిట్లనా? మనిషిని నలుగుట్ల గిట్లనా చేసేది?" అని ఒర్రిండు.

వాని బనీను జేబుల చెయ్యి పెట్టి ఒక చాక్లెట్ తీసిన. కరిగి మెత్తగున్నది. వాని అరచేతిల పెట్టిన. "తిను. ఏడ్చినోళ్ళకే గదా ఇచ్చేది" అన్న.

మారిండా అని అడుగుతరేమో. కథలల్ల మారుతరు. వాడు చిన్నిని చూస్తే మొకం తిప్పుకునేటోడు, అంతే. మిగిలిన పిల్లలతోటి మల్ల గదే మోకాళ్ళ ఇరుకు, గదే బుగ్గ గిల్లుడు. ఊరికి మాత్రం నేను గయ్యాళినయిన. "పెద్దమనిషి ఒళ్ళె తవుడు పోసింది" అని ఇప్పటికీ చెప్పుకుంటరు. చెప్పుకోనీ.

చిన్నికి ఐదో తరగతికి గురుకులంల సీటొచ్చింది, నల్లగొండ దిక్కు. పంపే ముందు నాడు ట్రంకుపెట్టె సర్దుతున్న. బట్టల కింద, అడుగున, ముడేసిన కవరు తగిలింది. పిడికెడు తవుడు.

"ఇదేందే?" అన్న.

మొకం దించుకొని నవ్వింది. "ఊకెనే పెద్దమ్మా. ఉండనీ."

పిల్లలను తవుడుకు కొనరని దానికి తెల్వదా? నాకంటె బాగ తెలుసు. తెలిసింది ఒక జాగల ఉంటది, భయం ఇంకో జాగల ఉంటది, ఒకదానికొకటి మాట్లాడుకోవు. నేను కవరు మల్ల అడుగుననే పెట్టి, పైకెల్లి బట్టలు సర్దిన.

ఇప్పుడు వాడు సచ్చిండు. శవం దిక్కు పోలే నేను. మూడోనాడు ముసలామెను చూడనీకె పోయిన. ఆమెతోటి నాకేం లొల్లి లేదు. నా చెయ్యి పట్టుకొని ఆమె ఒక ముచ్చట చెప్పింది. "మీ మామను నిజంగనే తవుడుకు కొన్నరు బిడ్డా. ఆయనకంటె ముందుగాల పుట్టినోళ్ళు ఒక్కరు దక్కలేదట. చిన్నగున్నప్పుడు ఎవలన్నా ఆ మాటంటే పొయ్యెనకాల దాక్కొని ఎక్కెక్కి ఏడ్చేటోడట. మా అత్త చెప్పేది."

పాపం అంటనని చూసింది ముసలామె. పాపమే. ఆ పొయ్యెనకాల దాక్కున్న పిల్లగాడు ఇప్పుడు దొరికితే ఒళ్ళె కూసోబెట్టుకుంట. అరుగు మీది ముసలోన్ని మాత్రం మాఫ్ చెయ్య. ఆ మాట ఎంత కాలుతదో తెల్వనోడు అంటే వేరు. వీనికి తెలుసు. ఊరందరికంటె వీనికే బాగ తెలుసు. తెలిసి, పెద్దగై, జేబుల చాక్లెట్లు పెట్టుకొని కూసున్నడు.

ఫ్లెక్సీ చూసొచ్చిన నాడు మాపటికి, సంచిల కూరగాయలు తీస్తుంటే, చిన్ని హాస్టలు నుంచి ఫోన్ చేసింది. పరీక్షలు, చారు నీళ్ళలెక్కున్నది, ఎవలో దువ్వెన ఎత్తుకపోయిండ్రు, అన్నీ చెప్పింది. దుకాణం తాత సచ్చిపోయిండని చెప్పిన.

"అవునా" అన్నది. "దుకాణం అవ్వ ఏడ్చిందా?"

"ఏడ్చింది."

"నువ్వు?"

"నేనెందుకు ఏడుస్త?"

కిసుక్కున నవ్వింది. ఎనకాల పిల్లలు ఫోన్ కోసం లొల్లి చేస్తుండ్రు. చిన్ని గొంతు తగ్గిచ్చింది. "పెద్దమ్మా, అయితే ఆ తవుడు పారవోయనా?"

సంచి, కూరగాయలు, ఫ్లెక్సీ, నా కోపం అన్నీ ఆడనే ఆగిపోయినయి. "పారవొయ్యి బిడ్డా" అన్న. "ఇగ దాంతోటి పనేమున్నది."



"ఆదివారం వస్తవా?" అన్నది.

"వస్త."

"పక్కా?"

"పక్కా."

"అయితే నువ్వు వచ్చినంక పారవోస్త" అన్నది.